తినకపోతే సూది వద్దు

మా బావ పోయి ఏడాది దాటింది. బావ అన్నానని నా తోడబుట్టినదాని మొగుడనుకునేరు, అదేం కాదు. నాది మందుల షాపు, ఆయనది పక్కనే తాళాలు బాగుచేసే కొట్టు. మధ్యలో ఒకే ఒక్క గోడ. ఆయన భార్య మొదటిసారి తలనొప్పి బిళ్ళ కోసం వచ్చినప్పుడు నన్ను "తమ్ముడూ" అని పిలిచింది. ఆవిడ అక్కయితే ఆయన బావ కాక ఇంకేమవుతాడు? వరస కుదిరాక ఇక వేళాకోళానికి అడ్డేముంది. పద్దెనిమిదేళ్ళు ఆ గోడకి అటొకరం ఇటొకరం కూర్చుని, తీరిక దొరికినప్పుడల్లా ఒకరినొకరు దెప్పుకున్నాం.

ఆయన నన్ను అరడాక్టరు అనేవాడు. ఆ పేరు వీధంతా పాకింది. దగ్గొచ్చినా, దద్దుర్లొచ్చినా, కడుపులో నొప్పొచ్చినా "పూర్తి డాక్టరు దగ్గర కూర్చుంటే సగం రోజు పోతుంది, ముందు అరడాక్టరుని అడుగుదాం" అంటూ జనం నా కౌంటరు ముందుకే వచ్చేవారు. ఆ పిలుపు వింటే పైకి విసుక్కునేవాణ్ణి. లోపల మాత్రం నాకు మహా గొప్పగా ఉండేది. దాచుకోవడమెందుకు, ఆ గొప్పే మా బావ ప్రాణం మీదికి తెచ్చింది. అదెలాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బావ కొట్టు నాలుగడుగుల వెడల్పు ఉంటుందేమో. గోడకి కొట్టిన చెక్క మీద ఇంకా పళ్ళు కొయ్యని తాళం చెవులు వరసగా వేలాడేవి. బల్ల మీద రకరకాల ఆకురాళ్ళు, ఇనప పొడి, ఎవరో ఇచ్చి మరిచిపోయిన తాళాలు. చెవి పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి కొత్తది అరగదీసి ఇవ్వడం ఆయన దృష్టిలో పనే కాదు. అసలు పని ఇళ్ళ దగ్గర. తలుపు మూసుకుపోయి, చెవి లోపలుండిపోయి, మనుషులు బయట నిలబడి దిక్కులు చూస్తుంటే ఆయన్ని పిలిచేవారు. తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెంప చెక్కకి ఆనించి, సన్నటి తీగలు రెండు తాళంలోకి పంపి కళ్ళు మూసుకునేవాడు. లోపల ఏ ముక్క ఎక్కడ ఆగిందో ఆయన వేళ్ళకి తెలిసేది. తలుపు తెరుచుకున్నాక ఇంటివాళ్ళకంటే ముందు తనే "హమ్మయ్య" అనేవాడు.

నలభయ్యో ఏట ఆయనకి షుగరొచ్చింది. నలభయ్యారో ఏట బిళ్ళలు చాలక ఇన్సులిన్ సూదికి దిగాడు. ఒకరోజు కొట్టు కట్టేసి ఇంటికి ఒంటి చెప్పుతో వెళ్ళాడు. రెండోది దారిలో ఎక్కడో జారిపోతే కాలికి తెలియలేదట. అందరికంటే ముందు తనే నవ్వాడు, నవ్వి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"కాళ్ళు మొద్దుబారితే కూర్చుని చేసుకుంటాను బామ్మర్దీ. వేళ్ళు మొద్దుబారితే ఏం చెయ్యను?"

"అంతదాకా రానివ్వను లే బావా" అన్నాను నేను, అక్కడికి షుగరు నా జేబులో ఉన్నట్టు.

అప్పట్నుంచి షుగరు చూసుకోవడానికి ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు మాత్రమే ఇచ్చేవాడు. కుడి చేతి జోలికి సూదిని రానిచ్చేవాడు కాదు. ఆ వేళ్ళు అన్నం పెట్టే వేళ్ళు, వాటిని పొడుచుకోకూడదనేవాడు.

అక్క బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది. ఇరవయ్యేళ్ళుగా అదే లైను. షిఫ్టు దిగి వచ్చేసరికి ఆవిడ జుట్టు నిండా తీపి వాసన. "షుగరున్నవాడికి చూసి చూసి ఇలాంటి పెళ్ళాన్నిచ్చాడు దేవుడు" అని బావ వాపోయేవాడు. ఫ్యాక్టరీలో గోడ మీద ఏది రాసి ఉంటే అది చెయ్యాలి, ఎందుకని అడక్కూడదు. మిషను ఆపకుండా బెల్టులో చెయ్యి పెట్టినందుకు పక్కన నిలబడే ఆవిడకి రెండు వేళ్ళు పోవడం అక్క కళ్ళారా చూసింది. అందుకే ఆవిడకి రూలంటే రూలే. బావ అల్లరి మనిషి, ఆవిడ గీత గీస్తే దాటని మనిషి. వాళ్ళకి ఒక్కతే కూతురు, అప్పటికి పదో తరగతి చదువుతుండేది.

కరోనాకి మూడేళ్ళ ముందు సంగతి ఇది. మధ్యాహ్నం బావ కొట్టులోనే సూది వేసుకుని, అక్క కట్టిచ్చిన క్యారేజీ మూత తీశాడు. అంతలో ఎవరో మనిషి చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. రెండేళ్ళ పాప వంటింట్లోకి వెళ్ళి గడియ పెట్టుకుందట, లోపల స్టవ్వు మీద పాలు ఉన్నాయట. బావ క్యారేజీ అలాగే వదిలేసి తీగల సంచీ పట్టుకుని లేచాడు. ఆరు వీధులు నడిచాడు. గడియ తీశాడు. పాప తల్లి చేతుల్లోకి వెళ్ళాక అక్కడే గుమ్మంలో కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. తాగి ఉన్నాడని ఒకరు, గుండెపోటని ఒకరు. నాకు కబురు తెలిసి గ్లూకోజు డబ్బా పట్టుకుని పరిగెత్తాను. వేలితో చిగుళ్ళకి రాశాను, నీళ్ళలో కలిపి చెంచాతో పోశాను. పది నిమిషాలకి కళ్ళు తెరిచి "పాప బయటికొచ్చిందా?" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. అక్కకి షిఫ్టు. సూది వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుందని, అదే జరిగిందని డాక్టరు చెప్పాడు. ఇంకా చాలా చెప్పాడు. పది నిమిషాలు చెప్పాడు. జ్వరమొస్తే లెక్క వేరని, అప్పుడు సొంతంగా ఏమీ చెయ్యకుండా తనకి ఫోన్ చెయ్యమని కూడా అన్నాడు. అది నా చెవిన పడింది. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది, షాపు నుంచి. నేను సగం అటు విన్నాను, సగం ఇటు విన్నాను.

సాయంత్రం అక్క షిఫ్టు దిగి నేరుగా నా కౌంటరు దగ్గరికొచ్చింది.

"డాక్టరు ఏమన్నాడు తమ్ముడూ? అంతా వద్దు, నాకు గుర్తుండేలా ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. "తినకపోతే సూది వద్దు. అంతే అక్కా. కంచం ఎదురుగా ఉంటేనే సూది. కంచం లేదా, సూది లేదు."

అక్క ఆ మాట పెదాలు కదుపుతూ రెండుసార్లు అనుకుంది. ఇంటికెళ్ళి కూతురి చేత ఎర్ర స్కెచ్చి పెన్నుతో రాయించి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. ఆ రోజు నుంచి తు.చ. తప్పలేదు. బావ ఎంత మొత్తుకున్నా కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటేనే సూది చేతికిచ్చేది. ఆయనకి ఆకలి లేదంటే సూది తిరిగి ఫ్రిజ్‌లోకి పోయేది. మూడేళ్ళలో బావ మళ్ళీ ఒక్కసారి కూడా పడలేదు. నేను ఆ వాక్యాన్ని ఇంకో నలుగురు షుగరు వాళ్ళకి కూడా చెప్పాను, నా సొంత పరిశోధనలాగా.

తర్వాత కరోనా వచ్చింది. కొట్లన్నీ మూయించారు, మందుల షాపులు తప్ప. బావకి కాలు నిలవదు కదా. రోజూ ఒక్కసారైనా వచ్చి నా షాపు ముందు కట్టిన తాడుకి అవతల నిలబడేవాడు.

"షుగరున్నవాళ్ళు ఇంట్లోంచి కదలొద్దని టీవీలో చెవులు చిల్లులు పడేలా చెబుతున్నారు బావా. వస్తే నీకే ఎక్కువ ముప్పు."

"నాకు షుగరున్న సంగతి దానికెవరు చెప్పారు? నువ్వేమైనా వాగావా?"

నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది. మొదటి ఏడాది ఎలాగో గడిచిపోయింది. గడిచిందని అందరికీ ధైర్యం వచ్చింది. రెండో విడత వచ్చినప్పుడు మాత్రం మా వీధిలో ఇంటికొకరు మంచమెక్కారు.

అప్పుడే మా వెనక వీధిలో ఒంటరిగా ఉండే టీచరమ్మ రెండు రోజులుగా తలుపు తియ్యడం లేదని పక్కింటివాళ్ళు వచ్చారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. లోపల్నుంచి తాళం, పిలిస్తే పలుకు లేదు. బావ సంచీ తీసుకుని బయల్దేరుతుంటే నేను కౌంటరు దాటి వెళ్ళి దారికడ్డంగా నిలబడ్డాను.

"వద్దు బావా. నీకు షుగరు. తలుపు పగలగొట్టమను."

"పగలగొట్టడానికి మనుషుల్ని పోగెయ్యాలి, ఎవడొస్తాడిప్పుడు? లోపల మనిషుంది బామ్మర్దీ. తప్పుకో."

రెండు మాస్కులు ఇచ్చాను. రెండూ పెట్టుకున్నాడు. పాతకాలం తాళమట, పది నిమిషాలు పట్టిందట. ఊపిరి ఆవిరి కళ్ళజోడుకి పట్టి ఏమీ కనబడక మాస్కులు గడ్డం కిందికి లాగాడట. లోపల టీచరమ్మ నేల మీద పడి ఉంది, ఒళ్ళు కాలిపోతోంది, ప్రాణముంది. అందరూ గుమ్మంలోనే ఆగిపోతే బావ ఒక్కడే లోపలికెళ్ళి ఆవిణ్ణి ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. ఆవిడ బతికింది. ఇప్పటికీ నా షాపులో బీపీ బిళ్ళలు తీసుకెళ్తుంది. ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు సంతోషమూ వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఆవిడ తప్పేముంది పాపం.

ఐదో రోజుకి బావకి జ్వరం. పరీక్ష చేస్తే ఉందన్నారు. అక్కకి, కూతురికి కూడా ఉంది కానీ వాళ్ళకి నాలుగు దగ్గులు, కాస్త నీరసం, అంతే. వాళ్ళది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో బావని పడుకోబెట్టారు. నేను మందులు సంచీలో పెట్టి మెట్ల కింద కొక్కేనికి తగిలించి వచ్చేవాణ్ణి. మాటలన్నీ ఫోన్లోనే.

అన్నం సయించని మొదటి రోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"నోటికి రుచి తెలియట్లేదంటున్నాడు తమ్ముడూ. బలవంతాన రెండు ముద్దలు పెడితే కక్కేశాడు. తినలేదు కదా, సూది వెయ్యలేదు. సరేనా?"

"సరిగ్గా చేశావక్కా" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "నీలాంటివాళ్ళు పదిమంది ఉంటే నా షాపు మూసుకోవాల్సిందే" అని కూడా అన్నాను. అటువైపు అక్క జబ్బులో కూడా చిన్నగా నవ్వింది.

"షుగరు చూశారా?"

"సూదే లేనప్పుడు చూడ్డమెందుకని చూళ్ళేదు. వేలెందుకు ఊరికే పొడవడం?"

"ఆఁ, పర్లేదు లే" అన్నాను. తాడుకి అవతల నలభై మంది నిలబడి ఉన్నారు. ఇంకో ఫోను మోగుతోంది. ఇవన్నీ సాకులని నాకు తెలుసు. ఆ ఒక్క ప్రశ్నకి ఆగి, ఒక్క నిమిషం బుర్ర పెట్టి ఉంటే, సగం విని వదిలేసిన ఆ డాక్టరు మాట గుర్తొచ్చేదేమో. గుర్తు రాకపోయినా డాక్టరుకి ఫోన్ చేసి అడిగేవాణ్ణేమో. అరడాక్టరుకి ఇంకొకర్ని అడగడం నామోషీ.

రెండో రోజూ తినలేదు, సూదీ లేదు. మూడో రోజు అక్క గొంతులో కంగారు వినిపించింది. బిందెడు నీళ్ళు తాగుతున్నాడట, తాగినవన్నీ పోస్తున్నాడట, అయినా నాలుక పిడచకట్టుకుపోతోందట. జ్వరానికి దాహం మామూలేనన్నాను. వేలికి పెట్టే ఆ చిన్న మిషనులో ఆక్సిజన్ ఎంతుందని మాత్రం పూటకి నాలుగుసార్లు అడిగాను. తొంభై ఆరు అంటే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. తొంభై అయిదు అన్నా పర్లేదనుకున్నాను. అప్పుడందరి కళ్ళూ ఆ అంకె మీదే. మనిషి ఒంట్లో ఇంకో మంట రాజుకుంటోందని నాకు తట్టలేదు.

ఐదో రోజు పొద్దున షాపు తలుపు తీస్తుండగా కూతురు ఫోన్ చేసింది.

"మామయ్యా, నాన్న అదోలా ఊపిరి తీస్తున్నాడు. పిలిస్తే పలకట్లేదు. నువ్వు రా మామయ్యా."

తలుపు అలాగే వదిలేసి పరిగెత్తాను. మాస్కు మీద మాస్కు పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాను. బావ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. మెట్లెక్కి వచ్చినవాడిలాగా పెద్ద పెద్ద ఊపిర్లు, ఆపకుండా. దగ్గరికి వంగితే రెండు మాస్కుల్లోంచి కూడా మగ్గిపోయిన పండు వాసన వచ్చింది. ఆ వాసన గురించి నేను చదువుకున్నాను. షుగరు హద్దు దాటి రక్తం చెడినప్పుడు వచ్చే వాసన అది. షుగరు మిషను తీసి ఆయన ఎడమ చేతి చిటికెన వేలు పొడిచాను. అది అంకె చూపించలేదు. కొలవగలిగినదానికంటే ఎక్కువుంటే అది అంకె చూపించదు, హై అని చూపిస్తుంది. అదే చూపించింది. ఆక్సిజన్ తొంభై ఒకటి.

"ఏంటి తమ్ముడూ?" అంది అక్క గుమ్మంలోంచి.

"ఆసుపత్రికి తీసుకెళ్ళాలి" అన్నాను.

అంబులెన్సు కోసం రెండు గంటలు, మంచం కోసం మూడు గంటలు. అక్కా కూతురూ బయటికి రాకూడదు కాబట్టి ఆయన వెనకాల వెళ్ళింది నేనే. ఆసుపత్రి గేటు దగ్గర నా లాంటివాళ్ళు వందమంది ఉన్నారు. సాయంత్రానికి ఒక డాక్టరమ్మ బయటికొచ్చి బావ పేరు పిలిచింది. ప్లాస్టిక్ సూటులో ఉంది, కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. నా కూతురుంటే ఆ వయసుంటుంది.

"ఇన్సులిన్ ఎన్ని రోజులు ఆపారు?"

"నాలుగు రోజులండీ."

"ఎవరు ఆపమన్నారు?"

నిజం చెబితే సిగ్గుపడ్డానికి అక్కడ నన్నెరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా చెప్పలేకపోయాను. "తినట్లేదని వాళ్ళే ఆపుకున్నారండీ" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. "షుగరున్నవాళ్ళకి ఇది మామూలు జ్వరం కాదండీ. జబ్బు ముదిరే కొద్దీ ముద్ద ముట్టకపోయినా షుగరు పెరుగుతుంది. సూది ఆపేస్తే రక్తంలో ఆమ్లం చేరిపోతుంది. అలాంటప్పుడే షుగరు ఎక్కువసార్లు చూసుకోవాలి, డాక్టరుని అడిగి డోసు మార్చుకోవాలి, అంతేగానీ మొత్తం మానెయ్యకూడదు. ఇప్పుడు ఊపిరితిత్తులకి కూడా పాకింది. దానికిచ్చే స్టిరాయిడు షుగరుని ఇంకా పెంచుతుంది. ఇవ్వకపోతే ఊపిరందదు. చూస్తాం."

"మొదట్నుంచీ సూది వేసి ఉంటే..." అన్నాను.

"తప్పకుండా బతికేవాడని చెప్పలేను. అవకాశం మాత్రం చాలా ఉండేది" అని ఇంకో పేరు పిలుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో మూడో రోజుకి షుగరు దారికొచ్చింది. నర్సు దయతలచి తన ఫోన్లో మాట్లాడించింది. ముఖం నిండా మాస్కు, దాని వెనక గుర్రుమంటూ గాలి చప్పుడు. ఒక్కో మాటకి ఆగి ఊపిరి పోగేసుకుంటున్నాడు.

"అరడాక్టరూ... ఇక్కడ పూర్తి డాక్టర్లున్నారు గానీ... నువ్వింటికెళ్ళు."

"వెళ్తాలే. నువ్వు రా, ఇద్దరం కలిసి వెళ్దాం."

"కుడి చెయ్యి కూడా పొడిచేస్తున్నారు రా" అన్నాడు. "వద్దని చెప్పవా?"

చెప్తానన్నాను. నన్ను రా అని ఆయన అంతకుముందెప్పుడూ అనలేదు. గేటు పక్కన గోడకి తిరిగి నిలబడి ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు, అక్కడ అందరూ చేస్తున్న పని అదే.

ఆరో రోజు మధ్యాహ్నం ఆయన పోయాడు. యాభై రెండేళ్ళు.

అక్కా వాళ్ళ మెట్ల కింద నిలబడి చెప్పాను. అక్క పైమెట్టు మీద కూర్చుండిపోయింది. "డాక్టర్లు ఏమన్నారు?" అని అడిగింది.

"ఊపిరితిత్తులు పాడైపోయాయంట అక్కా. కరోనా కదా" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఉన్నదాంట్లో సగం మింగేశాను, అంతే. ఆవిడ తట్టుకోలేదని మింగానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. తట్టుకోలేనిది నేను.

తర్వాత ఫ్యాక్టరీ తెరిచారు, అక్క మళ్ళీ లైన్లో నిలబడింది. కూతురు కాలేజీ అయ్యాక కొట్టు తెరుస్తోంది. తాళం చెవులు బాగానే చేస్తుంది, ఇళ్ళకి మాత్రం ఇంకా వెళ్ళదు. అక్క కూతురికి క్యారేజీ పంపేటప్పుడు నాకూ ఒక గిన్నె పంపేది. నా ఇంట్లో నేనొక్కణ్ణే, వండిపెట్టేవాళ్ళు లేరని ఆవిడకి తెలుసు. ఏడాది పొడవునా ఒక్క రోజు మానలేదు. ఆవిడ మాత్రం నా షాపు మెట్టెక్కడం మానేసింది. ఎదురుపడితే తల దించుకుని వెళ్ళిపోయేది. తెలిసిపోయిందేమోనని నా భయం. అడిగే ధైర్యం లేక, ఆవిడ పంపిన గిన్నె ఖాళీ చేసి కడిగి పంపేవాణ్ణి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎవరో కొత్త మనిషి షాపుకొచ్చాడు. వాళ్ళమ్మకి జ్వరమట, ఇన్సులిన్ మీద ఉందట, రెండు పూటలుగా ఏమీ తినలేదట.

"తినట్లేదు కదా, సూది ఆపెయ్యమంటారా?"

నాకు ఒళ్ళు తెలియలేదు. "ఆపకండి!" అని అరిచాను. "ముందు షుగరు చూడండి. చూసి, ఆ అంకె డాక్టరుకి ఫోన్లో చెప్పండి. ఇక్కడే, ఇప్పుడే చెయ్యండి. జ్వరమప్పుడు తినకపోయినా షుగరు పెరుగుతుంది. మీకు మీరుగా సూది ఆపారంటే మనిషి దక్కదు."

అతను బెదిరిపోయి ఫోన్ చేసుకుని, డాక్టరు చెప్పింది రాసుకుని వెళ్ళాడు. అతను తప్పుకున్నాక చూశాను, అతని వెనక అక్క నిలబడి ఉంది. దగ్గు మందు కోసం వచ్చిందట. ఏడాది తర్వాత మొదటిసారి.

"అదేంటి తమ్ముడూ?" అంది. "తినకపోతే సూది వద్దు కదా?"

ఆవిడ నా జవాబు కోసం చూళ్ళేదు. కౌంటరు అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"నీకొక మాట చెప్పలేదు. నేను రూలు తప్పాను."

"ఏ రూలు?"

"మూడు రోజులు ఆయన మంచం దిగలేక నన్ను అడుగుతూనే ఉన్నాడు. సూది వెయ్యవే, ఒళ్ళు మండిపోతోందే, నా ఒళ్ళు నాకు తెలుసు అని. తింటేనే వేస్తానన్నాను. చంటిపిల్లాడిలా దణ్ణం పెట్టాడు తమ్ముడూ. అయినా వెయ్యలేదు. నాలుగో రోజు సాయంత్రం ఇక చూడలేకపోయాను. ఒక్క ముద్ద కూడా పడకుండానే వేసేశాను. తెల్లారేసరికి అలా అయిపోయాడు. నువ్వు అంత గట్టిగా చెప్పావు, నాలుగేళ్ళు కాపాడుకున్నాను, ఆ ఒక్క పూట ఆగలేక నా చేత్తో నేనే చంపుకున్నాను. నీకు మొహం చూపించలేక రావడం మానేశాను."

ఏడాది. నన్ను చూసి తల దించుకున్నది అందుకు. నాకు తెలిసిపోయిందేమోనని ఆవిడ భయపడింది, ఆవిడకి తెలిసిపోయిందేమోనని నేను భయపడ్డాను. ఆవిడ అనుకున్నదంతా తప్పని తీసెయ్యగల మాట ఏడాదిగా నా నోట్లోనే ఉంది.

"అక్కా" అన్నాను. "ఆ ఇంట్లో ఆ నాలుగు రోజుల్లో జరిగిన మంచి పని అదొక్కటే. నువ్వు వేసిన ఆ సూది. దాని వల్ల హాని ఏమీ కాలేదు. అది చాలలేదు, అంతే. తప్పు నాది. డాక్టరు జ్వరమొస్తే లెక్క వేరన్నాడు. నేను సరిగ్గా వినలేదు. నీకు చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసి అడిగితే సరిగ్గా చేశావన్నాను."

ఆవిడ ముఖంలో ఏదో వదిలినట్టయింది. పట్టుకున్న చేతులు కౌంటరు మీంచి జారాయి. ఒక్క క్షణమే. తర్వాత ఆవిడ ఆలోచించడం నాకు కనబడుతూనే ఉంది, వేళ్ళ మీద రోజులు లెక్కబెట్టడం కూడా కనబడింది.

"అంటే ఆయన అడిగిన మొదటి రోజే వేసి ఉంటే?"

"బతికే అవకాశం చాలా ఉండేదంది డాక్టరమ్మ."

"ఎప్పుడంది?"

"ఆసుపత్రిలో చేర్చిన రోజే."

అక్క నన్ను కిందనుంచి పైదాకా, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. అరవలేదు, ఏడవలేదు. పక్క కొట్లోంచి కూతురు ఆకురాయితో ఏదో గీస్తున్న చప్పుడు గోడ దాటి వినబడుతోంది.

"అయితే ఈ ఏడాదంతా తెలిసే నా చేతి అన్నం తిన్నావా?"

"తిన్నానక్కా" అన్నాను.